పాట చివరి పేరు

ఆగస్టు 25, 2025

డిగ్రీ ఫస్టియర్‌లో చేరి నెల దాటింది. రోజూ నేరేడుచర్లలో బస్సెక్కి కోదాడలో దిగుతాను. ఈరోజు కల్చరల్ క్లబ్‌లో పేరిచ్చాను. కృప అని రాయబోతే ఆపి, కృపారాణి అని పూర్తిగా రాయించాను.

క్లబ్ సెక్రటరీ మనీషక్క. థర్డియర్. మా ఊరే. వాళ్ల పొలంలో ఏటా అమ్మవాళ్ల కూలీల ముఠానే నాట్లు వేస్తుంది. నన్ను చేర్పించిన రోజు అమ్మ భయపడుతుంటే, "నేనున్న గదా లచ్చమ్మా, పిల్లను నేను జూసుకుంట" అంది. అమ్మ ఇప్పటికీ ఆ మాట అందరికీ చెబుతోంది.

సెప్టెంబర్ 13, శనివారం. సాయంత్రం 6

బస్సులో ఉన్నాను. ఇప్పుడు రాయలేను.

సెప్టెంబర్ 14

నిన్న మధ్యాహ్నం క్లాసులయ్యాక కొత్తవాళ్లను సెమినార్ హాల్‌కు రమ్మన్నారు. దాన్ని ఎంట్రీ అంటారట. ఏటా ఉండేదేనట. తలుపు గడియ పెట్టారు. ఒకతన్ని ప్రిన్సిపాల్‌లా నడవమన్నారు. నాతో పాటు చేరిన శిరీషను ఫ్యాన్‌కు ప్రపోజ్ చేయమన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నా వంతు వచ్చేసరికి చీపుర్లు విప్పి, పుల్లల్ని నారు కట్టల్లా కట్టి పెట్టారు. చున్నీ నడుముకు చుట్టుకుని నాటు వేయమన్నారు. అమ్మ పని వీళ్లకెలా తెలుసని మనీషక్క వైపు చూశాను. ఆమె ఫోన్ చూసుకుంటోంది.

వంగి, పుల్లలు నేల మీద పెడుతూ వెనక్కి నడిచాను. గోడ తగిలితే మళ్లీ మొదటి నుంచి. సాలు వంకరపోయింది, కూలి కట్ అన్నాడొకడు. నడుము ఎత్తితే వంగమన్నారు. ఒకసారి గోడకు తగిలి పడ్డాను.

అప్పుడు మనీషక్క పాట ఎత్తుకుంది. అది అమ్మ పాట. అమ్మ సొంతంగా కట్టింది. చిన్నప్పుడు మనీషక్క గట్టు మీద గొడుగు కింద కూర్చునేది. ఆమె కోసమే పాడేది అమ్మ. ప్రతి చరణం చివర మనీషమ్మ అని వస్తుంది. నేను నారు కట్టలు అందించేదాన్ని. నా పేరెందుకు పెట్టలేదని ఒకసారి అడిగాను. అందులో కుదరదంది.

నిన్న చరణం చివర మనీషమ్మ అని రాలేదు. లచ్చమ్మ బిడ్డ అని వచ్చింది. హాలంతా కోరస్.

ఎవరూ కొట్టలేదు.

సెప్టెంబర్ 16

శనివారం హాల్లో తీసిన వీడియో శిరీష పంపింది. క్లబ్ గ్రూప్‌లో పెట్టి డిలీట్ చేశారట. ఆలోగా సేవ్ చేసిందట. తన పేరు మాత్రం ఎక్కడా రానివ్వొద్దంది, వాళ్ల నాన్నకు తెలిస్తే కాలేజీ మాన్పించేస్తారట. సరేనన్నాను.

సెప్టెంబర్ 18

సెమినార్ హాల్ తలుపు పక్కనే యాంటీ ర్యాగింగ్ పోస్టర్ ఉంది. అందులో రాజారత్నం సార్ పేరుంది. కెమిస్ట్రీ చెబుతారు. వెళ్లాను.

కొట్టారా అని అడిగారు. లేదన్నాను. వీడియో చూపించాను. మధ్యలో కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. కొట్టకపోయినా ఇది ర్యాగింగేనన్నారు. నేను తట్టుకుని నిలబడితే తానూ నిలబడతానన్నారు. కంప్లైంట్ రాసిచ్చాను. మొదట మనీషక్క అని రాశాను. తర్వాత 'అక్క' అన్నది కొట్టేశాను.

అమ్మకు చెప్పలేదు. నాన్న మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ. వారానికోసారి వస్తాడు. ఆయనకూ చెప్పను.

సెప్టెంబర్ 23

కమిటీ మీటింగ్. తలుపు తీసేసరికి కుర్చీ అంచున అమ్మ కూర్చుని ఉంది. చర్చికి కట్టే చీర కట్టుకుంది. పక్కన మనీషా నాన్న భాస్కర్ పటేల్. తన కారులో తీసుకొచ్చాడట.

అది డాన్స్ ప్రాక్టీస్ అని మనీషా చెప్పింది. వీడియో అమ్మకు చూపిస్తానన్నారు రాజారత్నం సార్. ఆడపిల్లల వీడియో పదిమందిలో ఎందుకన్నాడు భాస్కర్ పటేల్. ప్రిన్సిపాల్ తల ఊపారు. అప్పుడు రాజారత్నం సార్, నువ్వు చెప్పమ్మా అని అమ్మను అడిగారు. అమ్మ నా వైపు చూడలేదు.

"ఆడుకున్నరు సార్. చిన్నప్పటి సంది ఇద్దరు గట్లనే ఆడుకుంటరు. మా పిల్లకు జర కోపమెక్కువ."

రాజారత్నం సార్ పెన్నుకు క్యాప్ పెట్టారు. కంప్లైంట్ క్లోజ్.

కారులో ఇంటికి రమ్మన్నారు. నేను బస్సులో వచ్చాను.

ఇంట్లో అడిగాను. కంప్లైంట్ ఉంటే వచ్చే యాసంగి నాట్లకు బీహార్ ముఠాను తెస్తానన్నాడట భాస్కర్ పటేల్. లేకుంటే ఎప్పటిలాగే అమ్మవాళ్లకేనట. "నీ ఒక్కదాని కోసం ముఠా అందరి పొట్ట కొట్టాల్నా?" అంది అమ్మ. ముఠాలో మా మేనత్త కూడా ఉంది.

సెప్టెంబర్ 24

క్లబ్ గ్రూప్‌లోంచి నన్ను తీసేశారు.

డిసెంబర్ 6

సూర్యాపేటలో కాలేజీల పోటీలు జరిగాయి. జానపదంలో మా కాలేజీకి ఫస్ట్ ప్రైజ్. అమ్మ పాటే. నోటీస్ బోర్డులో ఫోటో పెట్టి, కింద పాట రచన మనీషా అని రాశారు. వెనక వరుసలో చున్నీ నడుముకు చుట్టుకుని శిరీష ఉంది. నవ్వుతోంది.

రాజారత్నం సార్ వరండాలో ఎదురైతే వాచీలో టైమ్ చూసుకుంటూ వెళ్లిపోతున్నారు.

జనవరి 8, 2026

భాస్కర్ పటేల్ పొలంలో నాట్లు మొదలయ్యాయి. బీహార్ వాళ్లు వేస్తున్నారు. పొద్దున అమ్మ ముఠా సద్ది గిన్నెలతో గట్టు దాకా వెళ్లి తిరిగొచ్చింది. వాళ్లకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

సద్ది ఇంట్లోనే తిన్నాం. ఆ వీడియో ఉందా అని అడిగింది అమ్మ. ఇచ్చాను. పాట చివర తన పేరు రాగానే ఫోన్ నాకిచ్చేసింది. కాసేపటికి మళ్లీ తీసుకుని చివరి దాకా చూసింది.

"ఆట అని జెప్పిండు పటేలు" అంది.

నేను గిన్నెలు పోగేశాను.

"నాకెరుకనే. ఆట గాదని గప్పుడే ఎరుక."

అది కూడా విన్నాను. దగ్గరికి వెళ్లాలనిపించలేదు. గిన్నెలు కడుగుతుంటే వెనక నుంచి, రాజారత్నం సారు రేపు ఉంటడా అని అడిగింది.

జనవరి 9

అమ్మ నాతో బస్సెక్కింది. ఆధార్ కార్డు చూపించి కోదాడ అంది.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. పోయినసారి కారు చూసి గేటు తీసి ఉంటాడు. ఎవరమ్మా నువ్వు అన్నాడు.

"కృపారాణి వాళ్ల అమ్మను."