అక్వేరియం వెనక అత్తమ్మ

అత్తమ్మకు నమస్కారం.

మీ ఫోటో ఉన్న రిటైర్మెంట్ ఫ్లెక్సీని మా అక్వేరియం వెనక అంటించింది దాని నీలం రంగు నచ్చి. అంతేగానీ మిమ్మల్ని చేపల మధ్య నిలబెట్టాలని కాదు. “నన్ను గిట్లా నీళ్లల్ల ముంచుతవారా?” అని మీరు చాయ్ కూడా తాగకుండా నాంపల్లి వెళ్లిపోయారు. ఆ సాయంత్రమే దాన్ని ఊడబీకి, అబిడ్స్‌లో పగడాల బొమ్మున్న షీటు కొనితెచ్చి అంటించాను.

అప్పటినుంచి చేపలు మేత ముట్టడం లేదు. ఇదివరకు మీ ముక్కుపుడక దగ్గర గుంపుగా చేరి తినేవి. ఇప్పుడు ఒక మూలన నక్కుతున్నాయి. “అత్తమ్మ కోసం రంది పెట్టుకున్నయి” అంటోంది మీ కోడలు శ్రీనిధి.

ఫ్లెక్సీ మళ్లీ అంటించడానికి మీ అనుమతి కావాలి. వద్దంటారా, మేత వేసే వేళకు మీరే వచ్చి అద్దం వెనక కూర్చోండి. చాయ్ అక్కడికే తెచ్చిస్తాను.

మీ మేనల్లుడు