స్విచ్ తర్వాత కలిపిన వైరు

చిన్నీ,

ఇక్కడ నేనూ మీ అమ్మా కులాసా. ఆస్పత్రి డ్యూటీల మధ్య నువ్వు కూడా వేళకి తింటున్నావనే నమ్మకంతో రాస్తున్నాను. ఫోనులో మాట్లాడదామంటే ఉన్నది ఒక్క గది, మొగుడూ పెళ్లాలం ఏం మాట్లాడుకున్నా అత్తయ్య చెవిన పడుతుంది. అందుకే ఉత్తరం.

నువ్వడిగినవాటికి జవాబులు. అత్తయ్య చచ్చుబడ్డ ఎడమకాలు అలాగే ఉంది. నేను పట్టుకుంటే గోడదాకా నడుస్తోంది. స్నానానికి పక్కింటావిడ సాయం వస్తోంది. నేను మళ్లీ టైలరు దుకాణానికి వెళ్తున్నానా అన్నావు. లేదు. యజమాని బట్టలు ఇంటికే పంపుతున్నాడు, అంచులు కుట్టి ఇస్తున్నాను. మంచానికీ మిషనుకీ మధ్య నాకు మిగిలింది మూడడుగుల జాగా. ఎనిమిది నెలలుగా నా తిరుగుడంతా అందులోనే.

నువ్వు పంపిన ఎమర్జెన్సీ లైటు బిగించాను. మన గదికి కిటికీ లేదు కదా, పట్టపగలు కరెంటు పోయినా కటిక చీకటే. చీకటైతే అత్తయ్యకు ఊపిరాడదు. ఎలక్ట్రీషియన్ రేపూ రేపూ అంటూ పదిరోజులు తిప్పాడు. విసుగొచ్చి మెయిన్ ఆపేసి, ట్యూబులైటు స్విచ్ నుంచి వైరు లాగి నేనే కలిపాను. కరెంటు ఇచ్చి ట్యూబులైటు ఆపగానే ఇది వెలిగింది. అత్తయ్య చప్పట్లు కొట్టింది. నేను కాలరెగరేశాను.

ఇంతవరకూ రాసి రెండుసార్లు కలం పక్కన పెట్టేశాను. కానీ చెప్పక తప్పదు.

పోయిన మంగళవారం పొద్దున దారం కొనుక్కొస్తానని చెప్పి, బయట తాళం వేసి వెళ్లాను. ఆవిడ లేచి గడియ వేసుకునే స్థితిలో లేదు కాబట్టి ఎప్పుడూ అలాగే వెళ్తాను. దారం కొన్నాక ఇంటివైపు కాళ్లు కదల్లేదు. ఎదురుగా బస్సు ఆగితే ఎక్కి చివరి స్టాపుకి టికెట్ తీసుకున్నాను. ఎక్కడికో ఏమిటో అనుకోలేదు, ఒట్టు. గాలి మొహాన కొట్టింది. ఇక వెనక్కి వెళ్లకూడదనిపించింది. చివరి స్టాపులో అందరూ దిగారు. నాకు దిగే ధైర్యం చాల్లేదు. కాసేపటికి బస్సు వచ్చిన దారినే బయల్దేరింది. నేనూ తిరిగొచ్చాను.

అప్పటికి మూడు గంటలైంది. నేను వెళ్లిన కాసేపటికే కరెంటు పోయిందట. లైటు పది నిమిషాలు వెలిగి ఆరిపోయిందట. ఎందుకో తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చి చెప్పాడు. వైరు స్విచ్‌కి ముందే కలపాలి, నేను తర్వాత కలిపాను. రోజూ ట్యూబులైటు ఆపినప్పుడల్లా కరెంటు పోయిందనుకుని అది వెలుగుతోంది, బ్యాటరీ ఖాళీ అయిపోతోంది. నేను మురిసిపోయింది ఆ తప్పు చూసుకునే.

తాళం తీసి తోస్తే తలుపు కదల్లేదు. అవతల అత్తయ్య దానికి ఆనుకుని కూర్చుంది. చీకట్లో మంచం దిగి పాక్కుంటూ వస్తుంటే మిషను అంచు తగిలి నుదురు చిట్లింది. కాస్త జరగమని బయటనుంచి బతిమాలాను. అంగుళం అంగుళం జరిగింది. ఆ పూట పక్కింటావిడ కూడా ఇంట్లో లేదట, అరిచి అరిచి గొంతు పోయింది. రెండు కుట్లు పడ్డాయి. కంగారుపడకు, మానుతోంది.

కుట్లు వేయించుకొచ్చాక అడిగింది.

"ఎక్కడికెళ్లావు బాబూ?"

"బస్సెక్కాను అత్తయ్యా. చివరిదాకా వెళ్లాను."

"మరెందుకొచ్చావు?"

"బస్సు వెనక్కి తిరిగింది."

నుదుటి కట్టు సర్దుకుని, "నేనైతే దిగిపోయేదాన్ని" అంది.

వెక్కిరింపు కాదు చిన్నీ. మామయ్య మంచాన పడ్డ ఆరేళ్లూ ఆయనకు చాకిరీ చేసింది ఆవిడే కదా.

వైరు సరిచేయించాను. తాళం వేయడం మానేశాను. అంటే నేను గడప దాటడం కూడా మానేశాను. దారం పక్కింటావిడే తెచ్చిపెడుతోంది.

నీ ఉత్తరం చివర, మరో ఏడాది అక్కడే పని పొడిగించుకోనా అని అడిగావు. ఇదివరకైతే నీ ఇష్టం అని రాసేవాణ్ణి. ఈ సంగతులేవీ రాసి నిన్ను బెంబేలెత్తించొద్దని అత్తయ్య మరీ మరీ చెప్పింది. రాసేశాను. పొడిగించకు. వచ్చెయ్. ఇంకోసారి బస్సెక్కితే దిగే ధైర్యం వచ్చేస్తుందేమోనని భయంగా ఉంది.

ఇట్లు,
ఈ ఉత్తరం రాసేనాటికి ఇంట్లోనే ఉన్న
నీ ఆయన