వెనక సీటున్న బండి

బ్రోకెన్ బో, మే 9

జోలీన్‌కు, ప్రభువు దయవల్ల అక్క క్షేమం. మీ ఆయన డ్వేన్ చనిపోయి ఏడాదైనా నువ్వు ఇల్లు కదలడం లేదు, నీ కోసం రోజూ ప్రార్థిస్తున్నాను.

మణికట్లు తిమ్మిరెక్కుతున్నాయని స్పోర్ట్స్ బైకు అమ్మేసి, నిటారుగా కూర్చుని నడిపే క్రూయిజర్ బైకు తీసుకున్నాను. ఆదివారం చర్చి ముంగిట బండ్లకు ఆశీర్వాదం జరిగింది. ఫాదర్ పవిత్ర జలం చల్లగానే బయలుదేరుతూ, పాత అలవాటున కాళ్లు వెనక్కి చాపాను. ఫుట్‌రెస్టులేమో ముందున్నాయి! పక్క బండి మీది ముసలి వెర్నన్, "ఏం బెర్నడెట్, ఈత కొడుతున్నావా? కాళ్లు ముందుకు పెట్టు తల్లీ, ఇది సోఫా!" అన్నాడు. ఫాదర్ కూడా నవ్వేశాడు.

తర్వాత గడ్డి కొండల మధ్య నలభై మైళ్లు మెల్లగా వెళ్లాను. ఇన్నేళ్లూ ట్యాంకు మీదికి వంగి రోడ్డునే చూశాను. ఈసారి నిటారుగా కూర్చుంటే ఆకాశం ఒళ్లోకి దిగినట్టుంది. ఇంజను చప్పుడుతోపాటే జపమాల పూర్తయింది.

బోరు పంపు బాగుచేయించావా? మోకాలి నొప్పి ఎలా ఉంది?

ఈ బండికి వెడల్పాటి వెనక సీటుంది, వీపు ఆనించుకోవచ్చు. శనివారం పదింటికి వస్తాను. డ్వేన్ సమాధి దాకా వెళ్లొద్దాం. ఎక్కలేకపోతే ఫర్వాలేదు, ఇంజను ఆపి నీ పక్కన మెట్ల మీద కూర్చుంటాను. దేవుడు నీకు తోడుండాలి.

మీ అక్క,
బెర్నడెట్