ముప్పై ఒక్క తాళంచెవులు

నివాస అనుమతుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా నివాస అనుమతి పొడిగింపునకు రెండు సంతకాలు దొరకకపోవుట, తాళాలు మాత్రం విపరీతంగా అమ్ముడుపోవుట గురించి.

పదకొండేళ్ల క్రితం యుద్ధం నుంచి పారిపోయి శరణార్థిగా ఈ ఊరు చేరి, మార్కెట్ మలుపులో తాళాల రిపేరు కొట్టు పెట్టుకున్న నేను విన్నవించుకొనునది:

1. మా వీధివారు తమ ఇళ్ల రెండో తాళంచెవిని నా కొట్టులో ఉంచేవారు, మొదటిది పారేసుకుంటే పనికొస్తుందని. గోడ మేకుకు ముప్పై ఒక్కటి వేలాడేవి. ఒక్కటీ పోలేదు.

2. నిరుడు గదిలో గడియ పడి ఇరుక్కున్న పసిపాపను తలుపు తెరిచి బయటకు తెచ్చాను. పత్రికలో "స్థానికుడి సమయస్ఫూర్తి" అని వేశారు. పోయిన నెల అదే పత్రిక మా మేకు ఫొటో వేసి, "శరణార్థి గుప్పిట్లో ముప్పై ఒక్క ఇళ్లు" అని రాసింది. ఈ రెండు వార్తల నడుమ నేను ఊరు దాటింది లేదు. విలేకరికి ఫోన్ చేస్తే, "అన్నా, నువ్వు దొంగవని రాశామా? గుప్పిట్లో అన్నాం, అంతే కదా!" అన్నాడు. అంతేనట.

3. మర్నాడే ఎవరి తాళంచెవి వాళ్లు పట్టుకుపోయారు. పోతూ పోతూ కొత్త తాళాలు కొన్నారు. "గట్టిది ఇవ్వు బాబాయ్, రోజులు బాగాలేవు. ఎవరెవరో వచ్చి పడుతున్నారు" అని నాకే చెప్పారు. భయం నా గురించి, తాళం నా దగ్గర. వ్యాపారం మూడింతలైంది. పత్రికవారి రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు.

4. పొడిగింపునకు ఇద్దరు ఇంటి యజమానులు "ఇతను నమ్మదగినవాడు" అని సంతకం చేయాలి. గడువు ఈ శుక్రవారం. దాటితే నన్నూ నా భార్యనూ సరిహద్దు అవతలికి పంపుతారు. ముప్పై ఒక్క గడపలూ తొక్కాను. ఆ పసిపాప తండ్రి కలం మూత తీసి, మళ్లీ పెట్టేశాడు. "నువ్వేంటో నాకు తెలుసు బాబాయ్. కానీ పేపర్లో పడ్డాక..." అన్నాడు. అక్కడే ఏడ్చేశాను.

కావున, రెండు సంతకాలకు బదులు నిరుటి పత్రిక ముక్కను స్వీకరించ ప్రార్థన. అందులో నేను స్థానికుణ్ణే. చిత్తగించవలెను. రేపటి పత్రిక రాకముందే చిత్తగిస్తే మరీ మేలు.

తమ విధేయుడు (నిరుటి పత్రిక ప్రకారం),
తాళాల మేస్త్రి

తా.క.: ఆ మేకు వార్త కింద "ప్రజలు అప్రమత్తంగా ఉండాలి" అని తమరు చెప్పిన రోజునే అమ్మగారు నన్ను పిలిపించి, తమ ఇంటికి కొత్త తాళం వేయించుకున్నారు. రెండో తాళంచెవి నా చేతిలో పెట్టి, "మా ఆయన ఎప్పుడూ పారేసుకుంటారు, నీ దగ్గరుంచు. పేపర్లో రాసేది వేరేవాళ్ల గురించిలే, నువ్వు మనవాడివి" అన్నారు. ఇప్పుడు మేకుకు ఉన్నది అదొక్కటే. శుక్రవారం తర్వాత దాన్ని ఎవరికి అప్పగించమంటారు?