తాత గడుల్లో గీతలు

చెల్లీ,

ఇక్కడ మేమందరం బాగున్నాం, నువ్వూ బాగానే ఉండి ఉంటావు. ఫోన్ చేస్తే నువ్వు నవ్వేస్తావు, నేను కరిగిపోతాను. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. భేషుగ్గా ఉంది. నీకు మన ఆసుపత్రి హెడ్డాఫీసులో బహుమతి ఇచ్చారని పైవాటా వాళ్లకు చెప్పడానికి మెట్లన్నీ తనే ఎక్కింది. దిగి వచ్చి, "నువ్వూ దాన్ని చూసి నేర్చుకోవే" అంది నాతో. మీ బావ దగ్గు తగ్గింది, ఆయన జోకులు మాత్రం తగ్గలేదు. ఆసుపత్రిలో నా పని తేలికైందా అని కూడా అడిగావు. ఎంత ధైర్యమే నీకు, ఆ మాట అడగడానికి!

పోయిన వేసవిలో వచ్చినప్పుడు మా ఆఫీసులో నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నావు. డ్యూటీ చార్టులో పొద్దుటికి పసుపు, సాయంత్రానికి ఆకుపచ్చ, రాత్రికి ఎరుపు వేసి చూపించాను. షిఫ్టు అక్షరం కొట్టగానే గడి తనంతట తానే రంగు మార్చుకుంటే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టావు. వారం మారేచోట గీత లావు చేయడం కూడా నేర్పాను. "మరి ఈ ఒక్క పేరుకే రాత్రి గడుల్లో ఏటవాలు గీతలెందుకక్కా?" అన్నావు. స్ట్రెచర్ తోసే తాతకు చదువు రాదని, తన పేరు మాత్రం గుర్తుపడతాడని, ఎరుపూ ఆకుపచ్చా ఆయన కంటికి ఒకటేనని చెప్పాను. విన్నావా, విన్నట్టు నటించావా?

మొన్న మా మేనేజరు అందరినీ కూర్చోబెట్టి గోడ మీద తెరపై కొత్త చార్టు చూపించారు. హెడ్డాఫీసు తయారు చేసిందట, ఇక అన్ని శాఖల్లోనూ అదేనట. కింద నీ పేరు, నీకు బహుమతి వచ్చింది దీనికేనట. నా రంగులు, నా లావు గీతలు, ఆఖరికి తాత గీతలు కూడా మక్కికి మక్కి దించేశావు. "ఇవి అందానికి పెట్టినట్టున్నారు, బాగున్నాయి" అన్నారాయన. నాకు ఒళ్లు మండిపోయింది. బయటివాళ్లు చేస్తే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. నువ్వు చేశావు.

నువ్వు పేర్లన్నీ అక్షరక్రమంలో మార్చేసరికి తాత పేరు కిందికి పోయింది, గీతలు వాచ్‌మన్ పేరు పక్కన ఉండిపోయాయి. రాత్రి డ్యూటీని సాయంత్రమనుకుని తాత ముందే వచ్చేశాడు. "కళ్లు కనపడవా?" అని సూపర్వైజరు నలుగురి ముందూ కసిరింది. ఆయన నా బల్ల దగ్గరకు వచ్చి, "నా గీతలు తీసేశావేంటమ్మా? నేనేం తప్పు చేశాను?" అన్నాడు. తిరిగి పెడదామంటే చార్టుకు తాళం వేసి ఉంది. పాస్‌వర్డ్ నీ దగ్గరుందట.

ఇంకో మాట, ఇందాకటి నుంచి రాయాలా వద్దా అని నలుగుతున్నాను. ఆ రోజు మేనేజరు, "ఈవిడదీ మీ ఊరేనట, మీకు తెలుసా?" అని అడిగారు. "తెలియదండీ" అన్నాను. తోడబుట్టినదాన్ని తెలియదన్నానని దారి పొడుగునా ఏడ్చాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే, నిజమే చెప్పానేమో అనిపించింది.

అమ్మకు చెప్పలేదు, చెప్పను కూడా. పైవాటా వాళ్ల ముందు ఆవిడ తల దించుకోవడం నేను చూడలేను. నా పేరు పెట్టమని నిన్ను బతిమాలను. పాస్‌వర్డ్ మాత్రం పంపు. తాత రోజూ గోడ దగ్గర నిలబడి తన గీతల కోసం వెతుక్కుంటున్నాడు.

ఇట్లు,
నీకు అన్నీ నేర్పిన
అక్క