కాళ్ళ మాస్టారి ఆఖరి అచ్చు

మార్చి 4

ఈరోజు వర్క్‌షాప్ తాళం తీశాను. బావ పోయి తొమ్మిది రోజులు.

ఆసుపత్రి వెనక, మెట్ల కింద ఉన్న గది మాది. కాళ్ళు పోయినవాళ్ళకి కొత్త కాళ్ళు చేస్తాం. చేస్తాం అని రాయకూడదేమో. బావ చేసేవాడు, నేను అందించేవాణ్ణి. పదమూడేళ్ళు ప్లాస్టర్ కలిపాను, స్క్రూలు బిగించాను, కొత్త కాలితో నడిచి వెళ్ళేవాళ్ళకి తలుపు తీశాను. పేషెంట్లు ఆయన్ని కాళ్ళ మాస్టారు అనేవారు. నన్ను ఆయన బావమరిది అనేవారు. నాకు అదీ గొప్పగానే ఉండేది.

నలభై ఏడేళ్ళు. పనిబల్ల దగ్గరే గుండె ఆగిపోయింది.

మార్చి 5

పలకరించడానికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. మంచివాళ్ళు ఎక్కువ రోజులు ఉండరట. ఇస్త్రీ ఆయన అన్నాడు, ఆసుపత్రి లిఫ్ట్‌మ్యాన్ అన్నాడు, మా పిన్ని రెండుసార్లు అంది. అక్క తల ఊపుతూ వింది. నాకు ఒళ్ళు మండింది. అంటే బావ ఇంకో ముప్ఫై ఏళ్ళు ఉండాలంటే కాస్త చెడ్డగా ఉండాల్సిందా? మా స్టోర్ కీపర్ ఒక్క మేకు ఇవ్వడానికి మూడు సంతకాలు పెట్టిస్తాడు. అరవై దగ్గర పడినా గుండ్రాయిలా ఉన్నాడు.

రాశాక సిగ్గేసింది. ఆయనా వచ్చాడు. అక్క ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మార్చి 7, ఉదయం 11

డ్రిల్ టీచరమ్మ వచ్చింది. బడిలో పిల్లలచేత పరుగులు పెట్టించే మనిషి. యాక్సిడెంట్‌లో ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. బావ ఆవిడ కాలికి ప్లాస్టర్ అచ్చు పోసి, చెక్కడం కూడా పూర్తిచేశాడు. ఆయన చేసిన ఆఖరి అచ్చు అదే. దాని మీద సాకెట్, అంటే మిగిలిన కాలు దూరే తొడుగు, చేసి పాదం బిగించడం మిగిలింది. ఏప్రిల్ మొదటి వారంలో చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారట. ఇప్పుడు ఎవరు చేస్తారు అని అడిగింది. నేను చేస్తానన్నాను. నన్ను ఎగాదిగా చూసింది. ఆవిడ తప్పేం లేదు.

మార్చి 12

సాకెట్ తొడిగి, రెండు కమ్మీల మధ్య నిలబెట్టాను. రెండడుగులు వేసింది. మూడోది వేయలేదు. అమ్మా అని కూడా అనలేదు, కమ్మీ పట్టుకున్న వేళ్ళు మాత్రం తెల్లబడ్డాయి. విప్పి చూస్తే మోకాలి పక్క ఎముక మీద చర్మం కందిపోయింది.

తప్పు నాదే. ఇంకెవరిది?

మార్చి 13

నాది కాదు.

మార్చి 13, సాయంత్రం 5

పొద్దున ఆ ఒక్క మాట రాసి పుస్తకం మూసేశాను. ఇప్పుడు మిగతాది.

అచ్చు మళ్ళీ కొలిచాను. ఎముక ఉన్నచోట తొడుగు ఒత్తుకోకుండా అచ్చు కాస్త ఎత్తు పెంచాలి, కండ ఉన్నచోట అరగదీయాలి. బావ నాకు నేర్పిన మొదటి పాఠమే అది. ఈ అచ్చు మీద ఎముక దగ్గరే అరగదీసి ఉంది. పెన్సిల్ గుర్తు వేలెడు పక్కకి పోయింది. పైగా గీత వణికింది. పదమూడేళ్ళలో ఆయన గీత వణకడం నేను చూడలేదు. అడుగున తేదీ ఉంది. పోవడానికి ముందు బుధవారం. ఆరోజు గ్యాస్ పట్టేసిందిరా అని కాసేపు స్టూల్ మీద కూర్చున్నాడు. నేను పరిగెత్తి సోడా తెచ్చాను.

సోడా.

మార్చి 14

అక్కకి చెప్పాను. ఆశ్చర్యపోలేదు. రెండు నెలలుగా మెట్లెక్కితే ఆయాసపడేవాడట. గుండె డాక్టరు మా గదికి రెండంతస్తుల పైనే. వెళ్ళమని అక్క రోజూ పోరేదట. ఈవిడ కాలు అయ్యాక వెళ్తా, ఆ పెద్దాయన బెల్టు మార్చి వెళ్తా అనేవాడట. మీ బావ మంచితనం వల్ల పోలేదురా, అందరి తర్వాత నేను అనుకోవడం వల్ల పోయాడు అంది. ఆ గుణం చూసే పెళ్ళి చేసుకున్నాను, ఇప్పుడు దాన్నే తిట్టుకుంటున్నాను అని కూడా అంది. కాసేపటికి, తిట్టుకుంటూనే గర్వపడుతున్నానురా, నాకేమైనా పిచ్చా అని అడిగింది. నాకూ అలాగే ఉందన్నాను.

అచ్చు సంగతి గుట్టుగా ఉంచమంటుందనుకున్నాను. ఆ టీచరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పమంది. నడవాల్సింది ఆవిడ కదా అంది.

మార్చి 15

చెప్పాను. టీచరమ్మ ఆ అచ్చుని చేత్తో తడిమింది. అంత బాధలో కూడా నాతో జోకులేస్తూ కూర్చున్నాడే అంది. తర్వాత కాలు చాపి, మీరే మళ్ళీ కొలవండి అంది.

తడి ప్లాస్టర్ పట్టీ చుట్టాను. ఎముక ఎక్కడుందో వేళ్ళతో మూడుసార్లు వెతికాను. నా గీత వణికింది. చెరిపి మళ్ళీ గీశాను.

మార్చి 18

అరగదీస్తూనే ఉన్నాను.

మార్చి 26

నడిచింది. గది ఈ చివర నుంచి ఆ చివరికి, మళ్ళీ వెనక్కి. మూడోసారి కమ్మీలు వదిలేసింది. విప్పి చూస్తే ఎరుపు మచ్చ లేదు. సందేహంగా ఉండి లైటు పెట్టి మళ్ళీ చూశాను. లేదు. లిఫ్ట్‌మ్యాన్ లిఫ్ట్ వదిలేసి వచ్చి మరీ చూశాడు. ఆసుపత్రి అంతా చెప్పేశాడు కూడా. స్టోర్ కీపర్ ఒక పెట్టె స్క్రూలు పంపించాడు. సంతకం అడగలేదు.

ఇవాళ ఒకటి తోచింది. చెడ్డవాళ్ళూ చిన్న వయసులో పోతూనే ఉంటారు, వాళ్ళని మనం గుర్తుపెట్టుకోం. మంచివాడు తొంభై ఏళ్ళు బతికినా అప్పుడేనా అంటాం. బావ ఎప్పుడు పోయినా నాకు చాలేది కాదు. అయినా నలభై ఏడు మాత్రం నిజంగానే తక్కువ. దానికి నేను ఏ సమాధానమూ రాసుకోను.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. ఆయన గీత తప్పిందని పట్టుకోగలిగానంటే, అంత బాగా నేర్పింది ఆయనే.

ఏప్రిల్ 3, ఉదయం 9

టీచరమ్మ నిన్న డ్యూటీలో చేరింది.

గుండె డాక్టరు గది బయట కూర్చుని ఇది రాస్తున్నాను. ఎవరూ పంపలేదు, నేనే వచ్చాను. నా నంబర్ ఆరు. నా వెనక పెద్దాయన తెగ ఆయాసపడుతున్నాడు. నర్సుని పిలిచి చూపించాను, వెంటనే లోపలికి తీసుకెళ్ళింది. నా వెనక ఇంకా పదిమంది ఉన్నారు. ముందు మీరు వెళ్ళండి అనే మాట నోటిదాకా వస్తోంది. బావకి ఎంత కష్టమై ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది.

పిలిచారు.

ఏప్రిల్ 19

టీచరమ్మ మళ్ళీ వచ్చింది. పరిగెత్తే కాలు కావాలట. బావ ఎప్పుడూ చేయలేదు. నేనూ చేయలేదు.

కూర్చోమన్నాను.