రెండు గరిటెల ఆకుకూర

జూన్ 3
షుగరు డాక్టరిచ్చిన కొత్త ఇంజెక్షను మొదలుపెట్టి నెల. వారానికొకటి. షుగరు దిగింది, నాలుగు కిలోలు తగ్గాను, ఆకలి చచ్చింది. నా గౌను నడుము నేనే బిగించుకున్నాను. కస్టమర్ల నడుము రెండంగుళాలు తగ్గించి చెప్పే టైలర్ని, ఈసారి అబద్ధం అవసరం పడలేదు.

జూన్ 9
గుండెలో కృత్రిమ కవాటం పెట్టి పదకొండేళ్లు. రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర. ఆకుకూర ఆ మాత్ర బలాన్ని తగ్గిస్తుందని, అందుకే రోజూ ఒకే కొలతలో తినాలని అప్పట్లో క్లినిక్ నర్సు చెప్పింది. టీ కాచడం కూడా రాని మా ఆయన ఆ రోజే గరిటె పట్టాడు. సరిగ్గా రెండు గరిటెలు, ఒక్క పూట తప్పలేదు. ఆ మనిషితో తినలేనని ఎలా చెప్పను? ఆయన నీళ్లకి లేచినప్పుడు కాగితంలో చుట్టి గుడ్డపీలికల సంచిలో పడేశాను. ఎక్కువ తినకూడదన్నదే నా బుర్రకెక్కింది. తక్కువ తింటే ఎవరికి నష్టం?

జూన్ 17
వారమంతా సంచిలోకే.

జూన్ 24
ఒళ్లంతా నీరసం. తెల్ల చొక్కాకి గుండీలు కుడుతుంటే సూది గుచ్చుకుంది. పావుగంటైనా రక్తం ఆగలేదు. కాలరు పాడైంది. మోచేయి నల్లగా కమిలి ఉంది, ఎక్కడ తగిలిందో తెలీదు. భయమేసింది.

జూన్ 25, ఉదయం 11
ఆయనతో కలిసి క్లినిక్‌కి. రక్తం ఎంత పల్చబడిందో చెప్పే ఐఎన్ఆర్ మూడు దగ్గర ఉండాలి. 6.8 ఉంది. నర్సు ముఖం మారింది. కొత్త మందులేమైనా వాడుతున్నారా అంది. లేదన్నాను. ఇంజెక్షను షుగరుది, గుండెది కాదు కదా. తిండి సరిగ్గా తింటున్నారా అంది. నేను నోరు తెరిచేలోపే ఆయన, రోజూ రెండు గరిటెలు వడ్డిస్తున్నానండీ అన్నాడు, తల వంచుకుని.

ఇలాగే ఉంటే మెదడులో కూడా రక్తం కారొచ్చని నర్సు అంది. అప్పుడు ఏడ్చేశాను. సంచి, ఇంజెక్షను, అన్నీ చెప్పాను.

షుగరు ఫైలు ఒక చోట, గుండె ఫైలు ఒక చోట దాచే మీలాంటివాళ్ల వల్లే నా జుట్టు నెరిసిందని నర్సు విసుక్కుంది. తిండి సగమైతే పాత డోసే ఎక్కువైపోతుందట. మనిషి చిక్కిపోయినా పాత కొలతకే కుట్టినట్టన్నమాట. రెండు రోజులు మాత్ర ఆపారు. తర్వాత చిన్న డోసు, వారం వారం టెస్ట్. ఇంజెక్షను ఉంచాలా అని షుగరు డాక్టరుకి వాళ్లే ఫోన్ చేశారు. ఉంచమన్నాడు.

దారి పొడుగునా ఆయన నాకంటే నాలుగడుగులు ముందే నడిచాడు.

జూన్ 26
కోపం కాదట. సంచిలో పొట్లాలు రెండు వారాల క్రితమే చూశాడట. తన వంట బాగోలేదనుకున్నాడట. అడిగితే నేను చిన్నబుచ్చుకుంటానని ఉప్పు మారుస్తూ, పోపు మారుస్తూ వచ్చాడట. మొహమాటానికి పోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నాం, ఇద్దరం కలిసి.

జూలై 9
3.1.
క్లినిక్ వాళ్లు కుదిర్చిన కొత్త కొలత, అర గరిటె వడ్డించి ఎదురుగా కూర్చున్నాడు. మొత్తం తిన్నాను. ఉప్పు ఎక్కువైందని చెప్పాను. పదకొండేళ్లలో మొదటిసారి.